గ్రావెల్ తోలిన పెరట్లో ఎండుటాకులతో మట్టి తయారు చేసుకోవడం

మా ఇల్లు విజయవాడ పక్కన పోరంకి దాటాక బాగా లోపలికి ఉంటుందండి. ఒకప్పుడు అవన్నీ చేలు, కింద నల్లమట్టి ఇప్పటికీ ఉంది, కానీ లేఅవుట్ వేసినప్పుడు రోడ్డు లెవెల్‌కి లేపడానికి దాని మీద రెండున్నర అడుగుల కొండ గ్రావెల్ తోలారు, ఆ పైన ఇల్లు కట్టినవాళ్ళు మిగిలిపోయిన సిమెంటు గడ్డలు, టైల్స్ ముక్కలు, ఇటుక రబ్బిష్ అంతా పెరట్లోనే సర్దేసి ఒక్క ట్రాక్టర్ ఎర్రమట్టి పరిచి "ఇంక మొక్కలేసుకోండమ్మా" అని చెప్పి వెళ్ళిపోయారు. వేశాం. బెండ జానెడు ఎత్తులోనే పూతకొచ్చేసింది, జామ మొక్క రెండేళ్ళు నర్సరీ నుంచి తెచ్చినప్పుడు ఎంతుందో అంతే ఉంది, గునపం వేస్తే టంగుమని వెనక్కి వచ్చేది. విజయవాడ చుట్టుపక్కల కొత్త ఇళ్ళు కట్టుకున్న చాలామందిది ఇదే కథ అని తర్వాత తెలిసింది.

మొదట అందరిలాగే నేనూ మట్టి కొన్నాను. ట్రాక్టర్ మట్టి అని ఒకసారి, నర్సరీ మిక్స్ అని బస్తాల్లో ఒకసారి. రెండూ ఒక్క వేసవికే గట్టిపడిపోయాయి, ఎందుకంటే దాంట్లో వానపాములూ సూక్ష్మజీవులూ తినడానికేమీ లేదు, వట్టి మట్టి. మట్టిలో కుళ్ళిన ఆకూ పేడా ఉంటేనే అది గుల్లగా ఉంటుంది, నీళ్ళు పట్టుకుంటుంది. అది మనమే చెయ్యాలి, పైసా ఖర్చు లేకుండా చెయ్యొచ్చు, కాకపోతే రెండు వానాకాలాలు పడుతుంది. ఆర్నెల్లలో అయిపోవాలనుకునేవాళ్ళు కుండీల్లో పెంచుకోవడం మంచిది, నిజంగానే చెప్తున్నా.

ముందు మీ మట్టి ఏంటో చూడండి. ఒక లీటర్ సీసాలో మూడో వంతు మట్టి వేసి (పైపైది కాదు, జానెడు లోతు తవ్వి తీసింది), నీళ్ళు పోసి బాగా గిలక్కొట్టి కదపకుండా గట్టు మీద పెట్టండి. ఒకట్రెండు నిమిషాల్లో అడుక్కి దిగింది ఇసక, రెండు మూడు గంటల్లో దాని మీద పేరుకున్నది ఒండ్రు, మర్నాటికి కూడా నీళ్ళు మురికిగానే ఉన్నాయంటే అది బంకమన్ను. గుంటూరు వైపు నల్లరేగడి అయితే రెండ్రోజులైనా తేటపడదు. మాది చూస్తే సగం ఇసకా రాళ్ళే. ఇంకోటి, అడుగు లోతు గొయ్యి తీసి నీళ్ళు నింపండి, ఇంకాక మళ్ళీ నింపండి, ఆ రెండోసారి పోసినవి నాలుగైదు గంటలైనా అలాగే నిలబడితే కింద గట్టి పొర ఉన్నట్టు, అక్కడ నిమ్మా బొప్పాయా పెడితే వేరు కుళ్ళి చస్తుంది. మూడోది సరదాగా ఉంటుంది, పొడి మట్టి మీద నాలుగు చుక్కలు వెనిగర్ వెయ్యండి, బుసబుసమని నురగొస్తే సున్నం ఉన్నట్టే. మా పెరట్లో మేస్త్రీలు సిమెంటు మాల్ కలుపుకున్న మూల భలే పొంగింది.

నురగొచ్చిన చోట, అలాగే నల్లరేగడిలో కూడా, బూడిదా సున్నమూ వెయ్యకండి. పొయ్యి బూడిద మంచిదని మన పెద్దవాళ్ళు చెప్పింది నిజమే గానీ అది పులుపు నేలకి, ఇప్పటికే క్షారం ఉన్న నేలకి కాదు. వీలైతే వ్యవసాయ శాఖ భూసార పరీక్ష ల్యాబ్‌లో మట్టి ఇవ్వండి, రిపోర్టులో బోలెడు ఉంటాయి గానీ ముందు పీహెచ్ (నేల పులుపా క్షారమా అన్నది), ఈసీ (ఉప్పు ఎంతుందన్నది), సేంద్రియ కర్బనం (కుళ్ళిన ఆకూ పేడా ఎంతుందన్నది) ఈ మూడూ చూసుకోండి. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే తక్కువ కింద లెక్క, 0.75 దాటితే బావున్నట్టు. పక్కవాళ్ళు జిప్సం వేశారని మీరూ వెయ్యకండి, అది రిపోర్టు చూశాకే.

ఇంక ఆకుల సంగతి. మనకి చెట్లు ఆకు రాల్చేది సంక్రాంతి వెళ్ళాక. ముందు బాదం ఎర్రబడి రాలుతుంది, తర్వాత శివరాత్రి అటూ ఇటూగా వేప, రావి, నిద్రగన్నేరు, ఆ వెనకాల కానుగ. ఫిబ్రవరి, మార్చి ఈ రెండు నెలలూ పొద్దున్నే ఏ వీధిలో చూసినా ఆకులు కుప్పపోసి అగ్గిపుల్ల గీసేస్తుంటారు, కళ్ళు మండుతుంటాయి. ఆ కుప్పే మనకి కావాల్సింది. నేను చేసిందేంటంటే మా వీధి ఊడ్చే ఆవిడకి, రెండు అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లకి ముందే చెప్పి ఖాళీ బస్తాలు ఇచ్చి పెట్టాను. మొదటి వారం "అమ్మగారూ, ఈ చెత్త ఏం చేసుకుంటారండీ" అని నవ్వారు. నెల తిరిగేసరికి ముప్ఫై బస్తాలు. సిమెంట్ బస్తాలైతే తిరగేసి దులిపి కడిగాకే వాడండి, లేకపోతే ఆ సిమెంటంతా మళ్ళీ మన మట్టిలోకే. బస్తా విప్పాక గుట్కా ప్యాకెట్లు, పాల కవర్లు, గాజు పెంకులు ఏరాల్సిందే, గ్లవ్స్ వేసుకుని. రాత్రంతా బయట ఉన్న బస్తాలో చెయ్యి పెట్టేముందు కర్రతో నాలుగు తట్టండి, జెర్రో తేలో ఉంటే బయటికొస్తుంది.

అన్ని ఆకులూ ఒకటి కాదు. కానుగ అన్నిటికన్నా బంగారం, పూర్వం వరిచేలల్లో రొట్ట కింద తొక్కించేవాళ్ళు, త్వరగా మాగుతుంది. నిద్రగన్నేరు ఆకు చిన్నది కాబట్టి నలపక్కర్లేదు. వేపాకు వేస్తే వానపాములు చస్తాయంటారు, నేను అన్నిటితో కలిపి మూడో వంతు దాకా వేస్తా, మా కుప్పలో వానపాములు బ్రహ్మాండంగా ఉన్నాయి. మామిడాకు, పనసాకు మందంగా ఉంటాయి, ఏడాది తర్వాత కూడా ఈనెలు కనిపిస్తాయి. నీలగిరి ఆకు మాత్రం నేను తీసుకోను. బాదం, టేకు ఆకులతో ఇంకో చిక్కుంది, అవి తడిస్తే విస్తళ్ళ కట్టలా ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయి మధ్యలోకి గాలీ నీళ్ళూ పోవు. నా మొదటి కుప్ప అంతా బాదమే, మూడు నెలలయ్యాక విప్పితే లోపల వేసిన ఆకు వేసినట్టే ఎర్రగా పొడిగా ఉంది, చెదలు మాత్రం పట్టింది. అందుకని పెద్ద ఆకుల్ని ముందు ఎండలో కరకరలాడేట్టు ఎండబెట్టి గేటు ముందు పరుస్తాను, మావారి స్కూటరూ పాలవాడి బండీ నాలుగుసార్లు ఎక్కి దిగితే పిండి పిండి. ష్రెడ్డర్ కొనక్కర్లేదు.

ఈ ఆకుల్ని రెండు రకాలుగా వాడొచ్చు. సోమరివాళ్ళ పద్ధతి వట్టి ఆకు ఎరువు. చెట్టు నీడన కోళ్ళ మెష్ గుండ్రంగా చుట్టి లేదా గోనెసంచుల్లోనే ఆకులు తొక్కి తొక్కి నింపి, నీళ్ళతో తడిపి వదిలెయ్యడమే, ఆరకుండా చూసుకుంటే మన వేడికి ఐదారు నెలల్లో నల్లగా మెత్తగా టీపొడిలా అవుతుంది, ఆరితే మాత్రం ఏడాదైనా కదలదు. దీంట్లో పోషకాలు పెద్దగా ఉండవు గానీ నీళ్ళు పట్టుకోవడంలో దీన్ని మించింది లేదు, గ్రావెల్ నేలకి కావాల్సింది అదే.

రెండోది అసలు కంపోస్టు, ఇది కొంచెం పని. కుప్ప మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తుకి తగ్గకూడదు, అంతకన్నా చిన్నదైతే లోపల వేడి నిలవదు. కింద కొబ్బరి మట్టలో కందికట్టెలో అడ్డదిడ్డంగా పరవండి గాలి కోసం, సిమెంటు గచ్చు మీద కాకుండా నేల మీదే. దాని మీద జానెడు నలిగిన ఆకులు, ఆ పైన నాలుగు వేళ్ళ మందం పచ్చి సరుకు, అంటే కూరగాయల తొక్కలు, టీ పిప్పి, అరటి ఆకులు, పీకిన కలుపు, దేవుడి దగ్గర తీసేసిన పూలు (దారం తీసేసి). దాని మీద పేడనీళ్ళు, ఎంత పల్చగా అంటే వాకిట్లో కళ్ళాపి చల్లేంత. ఒక గుప్పెడు పాత మట్టి. మళ్ళీ ఆకులు. ఇలా వరసలు వరసలుగా పైదాకా. మూడడుగుల కుప్పకి తొక్కి నింపిన ఆకులు ఒక పదిహేను బస్తాలు, పచ్చిది ఐదారు బస్తాలు, పేడ రెండు తట్టలు పట్టింది మాకు. ఎండుటాకులో కర్బనం ఎక్కువ, పచ్చిదాంట్లో పేడలో నత్రజని ఎక్కువ, రెండూ కలిసి 30కి 1 దగ్గర పడితే సూక్ష్మజీవులు బాగా పనిచేస్తాయని లెక్క, మనం తూకాలు వేసుకోనక్కర్లేదు, ఎండు మూడు పాళ్ళు పచ్చి ఒక పాలు అనుకుంటే చాలు. పేడ దొరకని వాళ్ళు పుల్లమజ్జిగలో బెల్లం కలిపి చల్లుతుంటారు, అది సూక్ష్మజీవులకి ఊపునిస్తుంది గానీ నత్రజని ఇవ్వదు, బకెట్ నీళ్ళలో గుప్పెడు యూరియా కలిపి పోసినా తప్పేం లేదు, ఆర్గానిక్ వాళ్ళు తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

ఒంటింటి బుట్టలోంచి ఏది వెయ్యకూడదంటే చేపా మాంసం, నూనె కూరలు, ముఖ్యంగా పాడైపోయిన ఆవకాయ (మా అత్తగారు పాత జాడీ మొత్తం ఒంపేశారు ఒకసారి, దాన్నిండా ఉప్పు కదా, ఆ మూల గడ్డి కూడా మొలవలేదు చాలాకాలం). కుక్కా పిల్లి పెంట వద్దు. వయ్యారిభామ కలుపు పూతకి ముందైతే పర్లేదు, పూసిందంటే వద్దు. తుంగ గడ్డలతో సహా వేస్తే మీ తోటంతా మీరే నాటుకున్నట్టు, దాన్ని గచ్చు మీద పడేసి వారం మలమలా మాడ్చి అప్పుడు వెయ్యండి. ఆర్వో మెషిన్ వదిలే నీళ్ళు ఊరికే పోతున్నాయి కదాని కుప్ప మీదా మొక్కల మీదా రోజూ పొయ్యకండి, ఉప్పు పేరుకుంటుంది.

తడి ఎంతుండాలంటే గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ళ సందుల్లో తడి కనిపించాలి, ఒకట్రెండు చుక్కలకి మించి కారకూడదు, ఉతికి పిండేసిన బట్టలాగా. మూడు నాలుగు రోజులకి ఒక ఇనప ఊచ మధ్యదాకా గుచ్చి పది నిమిషాలాగి తీసి పట్టుకోండి. పట్టుకోలేక వదిలేశారంటే లోపల 55 నుంచి 65 డిగ్రీలు వచ్చినట్టు, కలుపు గింజలు, తెగులు చాలావరకు చస్తాయి. ఊచ చల్లగా ఉంటే తడి చాలలేదు లేదా పచ్చి తక్కువైంది. కంపు కొడితే నీళ్ళెక్కువ, గాలి తక్కువ, కుప్ప విప్పి ఎండుటాకు దండిగా కలిపి మళ్ళీ పేర్చెయ్యండి. మాకూ ఒకసారి ఇలాగే అయ్యి పక్కింటివాళ్ళు వాసనొస్తోందని గోడ మీంచే కేకేశారు, నాలుగు బస్తాల ఆకులు కలిపాక రెండ్రోజుల్లో పోయింది. అప్పటినుంచీ ఆకుల బస్తా ఒకటి కుప్ప పక్కనే పెట్టి తొక్కలు పోసినప్పుడల్లా రెండు గుప్పెళ్ళు పైన కప్పుతున్నా, ఈగలు కూడా లేవు.

పదిరోజులకోసారి తిరగెయ్యాలి, బయటిది లోపలికి, లోపలిది బయటికి. మార్చిలో వేసిన కుప్పని మొదటిసారి పొద్దున్నే తిరగేస్తే ఆవిరి మొహాన కొట్టింది, లోపల ఆకుల మీద బూడిద చల్లినట్టు తెల్లగా ఉంటే బూజు పట్టి పాడైందనుకుని భయపడ్డాను. పాడవ్వడం కాదు, అదే కుప్ప బాగా కాగుతున్నట్టు గుర్తు. మే నెలలో, అందులో రోహిణి కార్తెలో, మన బెజవాడ ఎండకి రెండ్రోజులు పట్టించుకోకపోతే కుప్ప చిప్పలా ఎండిపోతుంది, అందుకని నీడన పెట్టండి, పైన తడి గోనె కప్పండి, మూడ్రోజులకోసారి నీళ్ళు. ఎండిన కుప్పకి చెదలొకటి, నిప్పొకటి, రెండూ ప్రమాదమే. వానాకాలంలో రివర్సు, టార్పాలిన్ కప్పకపోతే సారమంతా కారి కాలవలో కలుస్తుంది.

బొటనవేలంత లావున తెల్లటి పురుగులు కొక్కెంలా చుట్టుకుని కనిపిస్తే అవి కొమ్ము పురుగు పిల్లలు అయ్యుండొచ్చు. అవి కుప్పలో ఉన్నంతసేపూ కంపోస్టే తింటాయి, రెక్కలొచ్చి ఎగిరాక కొబ్బరి మొవ్వు తొలిచేస్తాయి. మనకి ఇంటికో కొబ్బరి చెట్టుంది కదా, అందుకని తిరగేసినప్పుడల్లా ఏరి పడేస్తే కాకులు చూసుకుంటాయి.

మూడు నెలలకి, ఇంచుమించు మృగశిర కార్తెకి, కుప్ప మూడో వంతుకి దిగిపోతుంది. ఏది ఆకో ఏది తొక్కో తెలియకూడదు, తొలకరి వాన వాసన రావాలి. అనుమానముంటే ఒక చిప్పలో కంపోస్టు వేసి పది మెంతులు చల్లండి, మొలిచి పచ్చగా నిలబడితే సరే, మొలకలు పసుపుపచ్చగా వాడిపోతే ఇంకో నెల మాగనివ్వండి.

ఇప్పుడు మడిలో వెయ్యడం. పదడుగులకి పదడుగుల మడి మీద ఒక అంగుళం మందం పరచాలంటే సుమారు 235 లీటర్లు, అంటే సిమెంట్ బస్తాలతో ఏడు. మీ మూడడుగుల కుప్ప ఒక్క మడికే సరిపోతుందన్నమాట, అందుకే పెరడంతా ఒకేసారి పెట్టుకోవద్దని చెప్పేది. మొదటి ఏడు ఒకటో రెండో మడులు చాలు, రెండంగుళాలు పడితే ఇంకా మంచిది. గ్రావెల్ నేలైతే ఒక్కసారి మాత్రం ఒళ్ళొంచాలి, వానపడి నేల మెత్తబడ్డాక గునపంతో అడుగు లోతు పెకలించి పెద్ద రాళ్ళు, రబ్బిష్ ఏరేసి కంపోస్టు పై ఆరంగుళాల్లో కలపాలి. ఆ తర్వాత ఇంక తవ్వకండి, ఏటా పైన పరవడమే, వానపాములు లోపలికి లాక్కుంటాయి. నల్లరేగడివాళ్ళు తడిగా ఉన్నప్పుడు మడిలో అడుగు పెట్టొద్దు, తొక్కితే ఎండాక ఇటుకే. గుల్లబారుతుందని దాంట్లో ఇసక కూడా కలపకండి, చాలామంది చేసే తప్పు ఇదే, కొద్దిగా కలిపితే ఇంకా గట్టిపడుతుంది, మార్పు రావాలంటే సగానికి సగం పొయ్యాలి, అన్ని లారీలు ఎవరు తోలతారు. ఎత్తు మడులు చేసి కంపోస్టు వేసుకోండి, నీళ్ళు నిలవవు.

అన్నిటికన్నా ముఖ్యమైంది, ఎండుటాకుల్ని కుళ్ళకముందే మట్టిలో కలిపెయ్యొద్దు. నేను కలిపాను, రెండో ఏడు, ఎలాగూ కుళ్ళేదే కదా కుప్పెందుకు అని. వంగమొక్కలు ఇరవై రోజులకి పసుపు పూసినట్టయ్యాయి. ఆకుని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకి నత్రజని కావాలి, అది ఆకులో లేదు కాబట్టి మట్టిలోది లాగేసుకుంటాయి, మొక్కకి మిగలదు. అదే ఆకుని మట్టి మీద రెండు మూడంగుళాలు కప్పితే ఏ ఇబ్బందీ లేదు, ఎండకి తడి ఆరదు, కలుపు రాదు, కింది వరస నెమ్మదిగా ఎరువైపోతుంది. మొదలుకి ఆనించకుండా నాలుగు వేళ్ళ దూరం వదలండి. నేలని తడిపాకే కప్పండి, పొడి నేల మీద పొడి ఆకు వేస్తే చెదలకి పిలిచి విస్తరేసినట్టే.

మడులు వెయ్యని జాగా ఖాళీగా ఎండబెట్టకుండా మొదటి వానలకి జనుమో జీలుగో పిల్లిపెసరో, ఏదో ఒక పచ్చిరొట్ట పైరు గింజలు చల్లి, 45 రోజులకి పూతకొచ్చే టైంలో కోసి అక్కడే పడేసి పైన ఆకులు కప్పండి. నీళ్ళు నిలిచే చోటుకి జీలుగే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు మా చుట్టాల పెరట్లో బురద పేరుకుపోయి ఎండాక పెంకుల్లా పగిలింది, వాళ్ళకీ ఇదే చెప్పాను, కాకపోతే ఆ నీళ్ళల్లో డ్రైనేజీ కూడా కలిసింది కాబట్టి మూడు నాలుగు నెలలు ఆకుకూరలు, పచ్చిగా తినేవి ఏవీ వెయ్యొద్దన్నాను.

మొదటి ఏడు ఏం వెయ్యాలంటే గోంగూర, అది ఎలాంటి నేలలోనైనా లేస్తుంది. తోటకూర వెయ్యొచ్చు. బీర, సొర, దోస పాదులకి మడంతా బాగుపడక్కర్లేదు, అడుగున్నర గొయ్యి తీసి సగం మట్టి సగం కంపోస్టు నింపి నాలుగు గింజలు పెడితే చాలు, తీగ పందిరి మీదకి పోతుంది. ముల్లంగి, క్యారెట్ మాత్రం మూడో ఏడు దాకా ఆగండి, రాయి తగిలితే రెండు కాళ్ళు వేసుకుని వస్తాయి.